వీధి మూలన గొడుగు

బోర్డులు రాసే పెయింటరుకి అక్షరమంటే ప్రాణం. రేకుకి ఎర్ర రంగు పట్టించి, దాని మీద తెలుపు వేసి, దారానికి సుద్ద పూసి టప్పున గీత కొట్టి, ఆ గీత మీద వీధి పేరు నిలబెట్టాడంటే వంక పెట్టడం ఎవరి తరమూ కాదు. అలాంటి మనిషి రేకు మీద ముందు వేసేది మాత్రం పేరు కాదు, కింద మూలన అరచేతంత బొమ్మ. అది ఆరాక మర్నాడు పేరు రాస్తాడు. ఎవరైనా అడిగితే "నా పద్ధతి అంతేనండీ" అనేవాడు. పద్ధతీ లేదు, పాడూ లేదు. అదంతా వాళ్ళక్క కోసం.

తల్లి పోయేనాటికి అతనికి ఏడేళ్ళు, అక్కకి పన్నెండు. అక్క తాను ఇస్త్రీపెట్టె పట్టుకుని తమ్ముణ్ణి బడికి పంపింది. అప్పటి నుంచీ కాలనీలో ఇంటింటికీ ఇస్త్రీ బట్టలు చేరవేయడమే ఆమె పని. ఆ కాలనీలో ఇరవై రెండు వీధులు, అన్నీ ఒకే అచ్చు. అవే గేట్లు, అవే మెట్లు, అదే గోధుమ రంగు. రెండు మలుపులు తిరిగితే అక్కడ పుట్టినవాళ్ళే తికమకపడతారు. ఇక వీధుల పేర్లంటారా, ఎప్పుడో పోయిన పెద్దమనుషులవి, నోరు తిరగదు. అక్కకి చదువు రాదన్న సంగతి తమ్ముడికి తప్ప రెండో ప్రాణికి తెలియదు. ఎవరైనా చీటీ ఇస్తే "కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయా, కాస్త మీరే చదివిపెట్టండి" అనేది. మహాతల్లి, ఆవిడకి అసలు కళ్ళజోడే లేదు!

ఇరవయ్యేళ్ళప్పుడు అతనికి ఆ కాలనీ బోర్డుల పని దొరికింది. అప్పటిదాకా అక్క మలుపు మలుపుకీ ఎవరినో ఒకరిని అడుగుతూ తిరిగేది. తాళాలు చేసే మనిషి ఉన్న వీధికి తాళంచెవి వేశాడు, దర్జీ వీధికి కత్తెర వేశాడు. సాయంత్రం ఇంటికొచ్చి గోడతో చెప్పినట్టు చెప్పేవాడు.

"దర్జీ వీధికి కత్తెర వేశానే అక్కా."

"వేస్తే వేశావులే, వెళ్ళి కాళ్ళు కడుక్కో."

ఆ మాట ఇద్దరి మధ్యా అంతకుమించి ఎన్నడూ సాగలేదు.

ఒక్కచోట మాత్రం చెయ్యి జారింది. గొడుగులు బాగుచేసే ఆయన వీధీ, వడ్రంగి వీధీ పక్కపక్కనే. బొమ్మలు వేసి ఆరబెట్టిన రేకులు అటూ ఇటూ అయ్యాయి, మర్నాడు చూసుకోకుండా పేర్లు రాసేశాడు. వడ్రంగి వీధికి గొడుగు, గొడుగులాయన వీధికి రంపం వెళ్ళి కూర్చున్నాయి. నెల తర్వాత గానీ అది చూసుకోలేదు. కొత్త పని, చెబితే ఊడుతుంది. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు. జనం ఊరుకుంటారా? వడ్రంగి ఉన్న వీధికి గొడుగు వీధి అని పేరు పెట్టేశారు. చివరికి ఉత్తరాల మీద కూడా అదే రాసుకున్నారు. విరిగిన గొడుగుతో వచ్చినవాళ్ళకి వడ్రంగి ఓ స్టూలు అంటగట్టి పంపేవాడు.

ముప్పై ఏళ్ళ తర్వాత కాలనీ ఆఫీసువాళ్ళు కొత్త బోర్డులు తెచ్చారు. నీలం రంగు, అచ్చు అక్షరాలు, అన్నీ ఒకే తీరు, బొమ్మ లేదు. ముందు ఆరు వీధులకి పెట్టి చూద్దామన్నారు. స్క్రూలు బిగించడానికి పెయింటరునే పిలిచారు. చేతిరాతకి కాలం చెల్లింది, అక్కకీ ఇన్నేళ్ళకి దారులు కంఠస్థమై ఉంటాయిలే అనుకుని బిగించాడు. వారం తిరక్కుండా హెడ్మాస్టరు చొక్కాలు నర్సు ఇంట్లో తేలాయి. మరో రెండిళ్ళ బట్టలూ అంతే. "మతి పోతోందిరా, పెద్దదాన్నయ్యాను కదా" అంది అక్క. హెడ్మాస్టరు భార్య అయితే, ఇంకోసారి ఇలా జరిగితే వేరేవాళ్ళకి ఇచ్చుకుంటామని ముఖం మీదే చెప్పింది.

ఆ సాయంత్రం చల్లారిన ఇస్త్రీపెట్టె ముందు అక్క ఊరికే కూర్చుని ఉంటే అతనికి సంగతి అర్థమైంది. తన చేత్తో బిగించిన బోర్డులే ఆమె పని ఊడగొడుతున్నాయి. బొమ్మలు ఎందుకు కావాలో చెబితే అక్క పరువు పోతుంది, చెప్పకపోతే పని పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మిగతా బోర్డులు పెట్టేముందు ఆ పని చూసే ఇంజనీరమ్మ కాలనీవాళ్ళని ఆఫీసు హాలుకి పిలిచింది. పెయింటరు లేచి, మూలన చిన్న బొమ్మ ఉంటే అందంగా ఉంటుందని నసిగాడు.

"బోర్డంటే పేరు కనబడాలండీ. బొమ్మలు చిన్నపిల్లల పుస్తకాల్లో ఉంటాయి" అందామె. నలుగురూ నవ్వారు. అతను తల దించుకుని కూర్చున్నాడు.

వెనక నుంచి అక్క లేచింది. చంకలో బట్టల మూట అలాగే ఉంది.

"అమ్మా, నాకు చదువు రాదు. ఇన్నేళ్ళూ వీళ్ళందరి ఇళ్ళకీ ఆ బొమ్మలు చూసే వెళ్ళాను. కళ్ళజోడు మర్చిపోయానన్నదంతా అబద్ధం."

హెడ్మాస్టరు భార్య నేలకేసి చూసింది. పెయింటరుకి అవమానమో గర్వమో తెలియదు, కళ్ళు మాత్రం నిండిపోయాయి. ఇంజనీరమ్మ నమూనా బోర్డుని కాసేపు అటూ ఇటూ తిప్పి, "కింద మూల ఖాళీ వదిలిస్తాను, పెట్టిన ఆరూ మార్పిస్తాను. బొమ్మలు మీరే వేయండి" అంది అతనితో.

ఇంటికి నడుస్తూ అతను అడిగాడు. "ఆ బొమ్మలు నీ కోసమేనని నీకెప్పుడు తెలిసిందే?"

"మొదటి రోజే. లేకపోతే రోజూ ఇంటికొచ్చి గోడకి పాఠం చెబుతావా? గొడుగు మాత్రం తప్పు వేశావురా. మూట మోసుకుని మూడు రోజులు తిరిగి చచ్చాను."

అతను నడిరోడ్డు మీద ఆగిపోయాడు. "మరి నాతో ఒక్క మాట అనలేదేమే?"

"అప్పుడే దొరికిన పని. నీకు చెబితే దిద్దబోయి దొరికిపోతావు, ఊడిపోదూ?"

"ఈసారి సరిగ్గా వేస్తాలే అక్కా."

"చంపుతాను. ఇప్పుడు మారిస్తే దారి తప్పేది నేనే."

ఆ బోర్డులు వచ్చిన రోజు అతను అన్నిటికంటే ముందు వడ్రంగి వీధి బోర్డు తీసుకుని, మూలన గొడుగు వేశాడు. అక్షరాలు ఎలాగూ అచ్చువే. గొడుగు ఒక్కటే అతని చేతిది.