తెలియదని నేను చెప్పిన సూదుల డాక్టరు

సూదుల డాక్టరు పోయారని మొన్న ఆదివారం ఆయన బిడ్డ ఫోన్ చేసి చెప్పింది. పొద్దున చాయ్ తాగి కూర్చున్నచోటే ఒరిగిపోయారట. "అందరికంటె మీకు ముందుగల్ల చెప్పాలనిపించింది సార్," అంది. సిరిసిల్ల బస్సు దిగేదాకా ఆ 'ముందుగల్ల' అన్న మాట నన్ను తినేసింది. ఆ ఇంట్లో నాకు అంత చోటు ఉండకూడదు. ఎందుకు ఉండకూడదో ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

ఆయన పుట్టింది సిరిసిల్లలో, మగ్గాల ఇంట్లో. వయసులో భీవండి వెళ్లి మరమగ్గాల మీద పని చేస్తుంటే భుజం పట్టేసింది. చెయ్యి పైకి లేచేది కాదు. బొంబాయిలో ఒక డాక్టరు సూదులు గుచ్చి దాన్ని సడలించాడు. ఈయన మగ్గం వదిలేసి ఆ డాక్టరు దగ్గరే ఏళ్ల తరబడి ఉండి, విద్య నేర్చుకుని కోరుట్లకు వచ్చారు. బీడీలు చుట్టేవాళ్ల వాడలో రెండు గదులు కిరాయికి తీసుకున్నారు.

నేనప్పుడు రాయికల్ దగ్గర ఒక ఊళ్లో పంతులును. మెడలో మొదలై తల వెనక నుంచి కంటిదాకా పాకే నొప్పి నాది. ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉంది. మాత్రలు మింగి మింగి కడుపు పాడయింది. చివరికి ఆయన బల్ల మీద బోర్లా పడుకున్నాను. తల పక్కకు తిప్పితే గోడకు మనిషి బొమ్మ ఉన్న పటం. ఒళ్లంతా చుక్కలు, ఒక్కో చుక్క పక్కన చైనా అక్షరాలు. అవేమిటని అడిగాను.

"చీనోళ్లు ఒంట్ల శక్తి కాల్వలెక్క పారుతదంటరు. గా కాల్వలను నేనైతె చూడలే పంతులూ," అన్నారు. "నాకు తెల్సింది నరం."

సూది దిగినచోట నరం మేల్కొంటుందట. వెన్నుపాము గుండా మెదడుకు కబురు పోతుంది. నొప్పిని అణిచే మందు ఒంట్లోనే ఉంది, మెదడు దాన్ని విడుదల చేస్తుంది. బిగుసుకున్న కండ వదులవుతుంది. ఇంకా తెలియాల్సింది చాలా ఉందని కూడా ఆయనే అనేవారు. సూదిని మెల్లగా తిప్పుతూ, బరువుగా గానీ ఝుమ్మని గానీ అనిపిస్తే చెప్పమనేవారు. నేను చెప్పకముందే ఆయన వేళ్లకు తెలిసిపోయేది. గాలానికి చేప తగిలినట్టు ఉంటుందట.

మణికట్లు, మెడలు నొచ్చే బీడీ ఆడవాళ్లు వరస కట్టేవారు. కడుపుతో ఉన్నావా అని ఆయన ముందు అడిగేవారు. ఉంటే, నొప్పులు ముందే వస్తాయేమోనని బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ సూది పెట్టేవారు కాదు. విరిగిన ఎముకలను, తగ్గని జ్వరాలను, గడ్డలను జగిత్యాల దవాఖానకు పంపేవారు. "సూది ఏం జేస్తదో తెల్సుడు సగం. ఏం జేయదో తెల్సుడు కడమ సగం," అనేవారు.

జగిత్యాల, సిరిసిల్లలను సర్కారు కల్లోలిత ప్రాంతాలని ప్రకటించిన తర్వాతి ఏళ్లు అవి. ఊళ్లలో రైతుకూలీ సంఘాలు, దొరల గడీలకు తాళాలు, పొలిమేరల్లో పోలీసు క్యాంపులు. ఆయన బల్ల మీదికి సంఘం పిల్లలు వచ్చేవారు, కానిస్టేబుళ్లూ వచ్చేవారు. ఎవరినీ ఊరు, పేరు అడిగేవారు కాదు. అదే ఆయన మీదికి వచ్చింది.

ఒక మధ్యాహ్నం నా వంతు కోసం అరుగు మీద కూర్చుని ఉన్నాను. జీపు వచ్చి ఆగింది. లోపలి సామానంతా బయట పడింది. పటం ఊడదీసి తెచ్చారు. అది వైద్యం పటమని డాక్టరు చెబుతున్నా, చైనా అక్షరాలుంటే నక్సలైట్లదేనంటూ ఇన్‌స్పెక్టరు వినలేదు. నా వైపు తిరిగాడు.

"నువ్వేం చేస్తుంటావ్? ఇతను నీకు తెలుసా?"

బడిలో పంతులునని చెప్పాను. సంఘం వాళ్లతో తిరిగాడని మా తోటి పంతులొకడు ఆ నెలలోనే సస్పెండ్ అయ్యాడు.

"తెల్వదు సార్. ఎండకు నీడకని కూసున్న," అన్నాను.

డాక్టరు ఒక్కసారి నా ముఖం చూశారు. ఇప్పుడు నిజం బయటపెడతారనుకున్నాను.

"గా సార్ను నేనెన్నడు చూడలే," అన్నారాయన. "తొవ్వెంట పోయేటాయన."

ఇన్‌స్పెక్టరుకు అదే కావలసింది. సంబంధం లేని చదువుకున్న మనిషి దొరికాడు కనుక సాక్షి సంతకం పెట్టమన్నాడు. కాగితం చదివాను. 'చైనా లిపిలో రహస్య పటం ఒకటి' అని ఉంది. ఆ పటం కింద నేను అప్పటికి ఆరుసార్లు పడుకున్నాను. సంతకం పెట్టాను.

డాక్టరును ఎక్కించుకుని జీపు వెళ్లిపోయాక అరుగు మూలన కూర్చున్న బీడీల ముసలమ్మ మెల్లగా అంది. "గట్లెట్ల జెప్తివి సారూ? మొన్న నా పక్క బల్ల మీదనే పండుకుంటివి గదా."

నేను బస్సు కోసం నడిచాను.

కొన్ని నెలలు ఆయన జైల్లో ఉన్నారు. అది వైద్యం పటమేనని సర్కారు దవాఖాన డాక్టరొకరు కోర్టులో చెబితే కేసు కొట్టేశారు. ఆ ఒక్క ముక్క నేను ఆ మధ్యాహ్నమే చెప్పి ఉండవచ్చు. బయటికి వచ్చేసరికి ఆయన కుడిచేతి రెండు వేళ్లకు స్పర్శ లేదు. లోపల ఏం జరిగిందో ఎవరికీ చెప్పలేదు. కోరుట్ల వదిలి సిరిసిల్ల వెళ్లిపోయారని విన్నాను. నా మెడనొప్పి తిరగబెట్టినా అటు పోలేదు.

చాలా ఏళ్ల తర్వాత నా భార్యకు రొమ్ములో గడ్డ తేలింది. హైదరాబాదులో మందు ఎక్కించిన ప్రతిసారీ వాంతులు, మెతుకు నిలిచేది కాదు. మణికట్టు దగ్గర సూది పెడితే కొందరికి వాంతులు తగ్గుతాయని అక్కడి డాక్టరమ్మే అంది. తప్పించుకునే దారి లేక ఆమెను తీసుకుని సిరిసిల్ల పోయాను. గుమ్మంలో నన్ను చూసి ఆయన లేచి నిలబడ్డారు.

"రా పంతులూ, కూసో. మెడ ఎట్లున్నది?"

ఆయన అడిగిన మొదటి మాట అదే.

నా భార్య ముంజేతి లోపలివైపు, మణికట్టుకు మూడు వేళ్ల పైన, రెండు స్నాయువుల నడుమ ఎడమచేత్తో సూది పెట్టారు. "సూదితోని గడ్డ పోదమ్మా. హైదరాబాద్ మందు ఇడువద్దు. కడుపుల తిప్పుడు తక్కువ జేస్త, గంతె," అన్నారు. ఇంట్లో అదే చోట ఎలా నొక్కాలో నాకు నేర్పారు. ఆ వారం ఆమె చారన్నం తిన్నది. తర్వాత చాలా ఏళ్లు బతికింది.

ఆ రోజే నన్నూ బోర్లా పడుకోబెట్టారు. ముఖం కనబడదు కదా అన్న ధైర్యంతో "డాక్టర్ సాబ్, గా దినం నేను..." అని మొదలుపెట్టాను.

"మాట్లాడకు పంతులూ. మెడల సూదులున్నయ్."

సూదులు తీసిన తర్వాత మాట్లాడి ఉండవచ్చు. నేను అంగీ వేసుకున్నాను. ఇద్దరం చాయ్ తాగాం. ఆ తర్వాత ఎన్నోసార్లు వెళ్లాను. ఆయన నన్ను కాపాడడానికి ఆపారో, ఆ మాట వినడం ఇష్టం లేక ఆపారో తెలియదు. ఆపినందుకు నేను లోలోపల సంతోషించానన్నది మాత్రం తెలుసు. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ తల ఎత్తలేను.

మొన్న వాకిట్లో ఆయనకు స్నానం చేయిస్తున్నారు. అల్లుడు నన్ను పిలిచి చెంబు చేతికిచ్చాడు. "మీరు గూడ పొయ్యండ్రి సార్." బట్ట తొలగించారు. కుడికాలు మోకాలి నుంచి చీలమండదాకా నల్లటి చుక్కలు. లెక్కకు అందనన్ని. నేను చూస్తుండిపోయానని గమనించి అల్లుడు చెప్పాడు.

"కుడిచెయ్యి పోయినంక ఎడమచెయ్యి అలవాటు జేసుకున్నడు సార్. ఒగల ఒంటి మీద సూది తప్పు పోవద్దని దినాం పొద్దుగాల తన కాలుకే కుచ్చుకునేటోడు. రెండేండ్లు."

చెంబు వంచాను. నీళ్లు ఆ చుక్కల మీదుగా పారి, పాదం చివర ఒక్క క్షణం ఆగి, మట్టిలోకి ఇంకిపోయాయి. ఎండకు తడి మెరిసి చుక్కలు ఇంకా నల్లగా కనిపించాయి. ఎవరో నా చేతిలోంచి చెంబు తీసుకున్నారు.