ఎన్నేళ్లకు సరిపోయే బోర్డు?

మా బాబాయి ముప్ఫై రెండేళ్లు సిటీ బస్సు నడిపాడు. పెద్ద మాటకారి. ఆయన కబుర్లలో పడి దిగాల్సిన స్టాపు దాటిపోయినవాళ్లు లెక్కలేనంతమంది. నిరుడు గొంతు ఆపరేషన్‌తో ఆ మాట పోయింది. ఇప్పుడు చొక్కా జేబులో చీటీల పుస్తకం, పెన్సిలు పెట్టుకు తిరుగుతున్నాడు. కోతలు మాత్రం తగ్గలేదు లెండి, అవీ రాసే చూపిస్తాడు.

ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని లారీ నడిపే ఆట ఆడతాడు. పక్కన స్టూలు మీద పిన్ని. ఆవిడ "ఎడమకి" అంటే ఎడమకి తిప్పుతాడు, "నెమ్మది" అంటే బ్రేకు వేస్తాడు. వాళ్లిద్దరూ మాట్లాడుకునేది ఆ గంటసేపే. పోయిన వారం మదర్‌బోర్డు కాలిపోయింది. ఇద్దరూ నా కంప్యూటర్ సామాన్ల షాపుకొచ్చారు.

నాకో పద్ధతుంది. ఏ ఆట ఆడతారు, ఏ గ్రాఫిక్స్ కార్డు ఉంది, ఎన్నేళ్లు వాడతారు, ఈ మూడూ చెప్పందే అల్మారా తెరవను. మెరిసే లైట్లు చూసి బోర్డు కొనే మహానుభావులంటే నాకు ఒళ్లుమంట.

మొదటి రెండింటికీ బాబాయి చకచకా రాసిచ్చాడు. మూడోదానికి ఆగాడు. కాసేపటికి చీటీ మడిచి, పిన్ని చూడకుండా నా చేతిలో పెట్టాడు.

"ఏడాది చాలు."

చీటీ గుప్పిట్లో బిగించాను. రెండు బోర్డులు తీసి బల్ల మీద పెట్టాను. ఒకటి పాతరకం. ఆట బాగానే ఆడుతుంది కానీ దానికి ఇక కొత్త ప్రాసెసర్లు రావు. రెండోది కొత్తరకం. నాలుగైదేళ్లకు ప్రాసెసర్ ఒక్కటి మార్చుకుంటే మళ్లీ కొన్నేళ్లు చూసుకోనక్కర్లేదు. బాబాయి పాతదాని మీద వేలు పెట్టాడు.

"ఆ రెండోది ఎక్కువకాలం వస్తుందంటున్నావు కదరా, మీ బాబాయి ఎందుకొద్దంటున్నారు?" అంది పిన్ని.

నేను బల్ల తుడవడం మొదలుపెట్టాను. నా మొహం చూసి ఆవిడకు అనుమానమొచ్చింది. నా గుప్పిట్లోంచి చీటీ లాక్కుని చదివింది. ఏడుస్తుందనుకున్నాను. తిట్టింది.

"ఏడాదా? డాక్టరు చెప్పాడా మీకు?"

బాబాయి తల అడ్డంగా ఊపాడు.

"మరి మీకు మీరే కొలత తీసేసుకున్నారా? నలభై ఏళ్లుగా కుడుతున్నాను, పసిపిల్లల గౌనుకైనా, పెరిగితే విప్పడానికి లోపల మడత వదలకుండా కత్తెర పెట్టలేదు నేను. మీరు లేకపోతే నేనెవరికి చెప్పాలి దారి? ఏడాది సరిపోదు నాకు. మీరు కావాలి."

హెడ్‌ఫోన్లు చూస్తున్న కస్టమరు మెల్లగా బయటికెళ్లి నిలబడ్డాడు.

బాబాయి చొక్కా చేత్తో కళ్లు ఒత్తుకున్నాడు. పెన్సిలు తీశాడు. ఏదో రాసి, ముందు పిన్నికి చూపించి, తర్వాత నాకిచ్చాడు.

"ఇరవై ఏళ్లు నడిచేది ఉందా?"

అలాంటి బోర్డు ఇంతవరకూ ఎవరూ తయారు చెయ్యలేదు.

"ఉంది బాబాయ్," అన్నాను.