రజతోత్సవం నాటి ఎడమ చెయ్యి

1987. నాచారంలో మా హైస్కూలు గైడ్స్ కంపెనీకి ఇరవై అయిదేళ్లు నిండిన సంవత్సరం. నేను ఆ బడిలో లెక్కల టీచర్ని, పన్నెండేళ్లుగా గైడ్ కెప్టెన్ని కూడా. స్కౌటింగ్‌లో ఆడపిల్లల దళాన్ని కంపెనీ అంటారు. చుట్టూ ఫ్యాక్టరీలే కావడంతో, ఏ తల్లయినా "మా పిల్ల కంపెనీల చేరింది" అంటే పక్కింటివాళ్లు జీతం ఎంతని అడిగేవారు.

రజతోత్సవం నవంబరు రెండో శనివారం. పొద్దున ఫ్లాగ్ బ్రేక్, అంటే మడత పెట్టిన జెండాలో బంతిపూల రేకులుంచి పైకి పంపి, ఒక్క లాగుతో విప్పడం. తర్వాత టెంట్లు వేయడం, తాళ్లతో ముడుల పోటీ, గిన్నెలు లేకుండా వంట. మధ్యాహ్నం అవార్డులు. నేను టైపు చేయించిన కార్యక్రమం చూసి హెడ్మాస్టరు గారు, "ఇది మన ఉత్సవమా, మౌలాలి రైళ్ల టైం టేబులా?" అన్నారు. రైళ్లయినా ఆలస్యమవుతాయి గానీ నా కార్యక్రమం కాదన్నాను.

ఆ ఏడాది ప్రత్యేకంగా ఏడుగురు పిల్లలకు రజతోత్సవ బ్యాడ్జి ఇవ్వాలనుకున్నాం. ఎక్కువ పరీక్షలు నెగ్గిన పిల్ల పేరు ముందు పిలవాలి. తల్లో తండ్రో వేదికెక్కి తమ చేత్తో బిడ్డకు బ్యాడ్జి పెట్టాలి. తర్వాత ఇద్దరూ ముఖ్య అతిథితో చెయ్యి కలిపి దిగాలి. స్కౌటింగ్‌లో కలిపేది ఎడమ చెయ్యి. పూర్వం యోధులు డాలు ఎడమ చేత పట్టేవారట. దాన్ని పక్కన పెట్టి ఆ చెయ్యి ఇచ్చారంటే ఎదుటివాణ్ణి నమ్మినట్టు. ఈ కథ ఏటా కొత్త పిల్లలకు చెప్పేదాన్ని.

ఏడుగురిలో మొదటిది సువర్ణ, తొమ్మిదో తరగతి. ఉత్సవానికి నాలుగు రోజుల ముందు వచ్చి తల వంచుకుని నిలబడింది.

"నాయన రానంటుండు టీచర్."

"అమ్మను తీసుకురా. ఎవరైనా ఒకటే."

"నాయనే రావాలె. ముడులన్నీ ఆయనే నేర్పిండు."

ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. తండ్రి మల్లేశం ఒక షాపులో పవర్ ప్రెస్ నడిపేవాడు. రేకును ఒక్క దెబ్బతో కోసే మిషన్ అది. మూడేళ్ల కిందట అదే మిషన్ అతని కుడి చేతి నాలుగు వేళ్లు తీసుకుంది. బొటనవేలు మిగిలింది. నన్ను చూడగానే ఆ చేతిని తువ్వాలు కిందికి జరిపాడు.

"పిన్ను పెట్టడానికి ఇబ్బందా?" అన్నాను.

"మిషన్ నడుపుత టీచరమ్మా, పిన్ను పెట్టలేనా?" నవ్వి, ఆగాడు. "సెయ్యి గలిపే కాడనే ఫికర్. మా షాపుల ఒకపారి పెద్దసారు సెయ్యి ఇచ్చిండు. నా సెయ్యి తగలంగనే గుంజుకున్నడు. పాపం, ఆయన తప్పు గూడ గాదు. గని నా బిడ్డ ముంగట గట్ల గావద్దు."

"నాయనా, మా దాంట్ల ఎడమ చెయ్యే ఇస్తరు," అంది సువర్ణ.

అతను నావైపు చూశాడు. "నిజమా? పెద్దమనిషికి ఎడమ సెయ్యి ఇస్తరా? తిట్టరా?"

"ఇవ్వకపోతేనే తిడతాను," అన్నాను.

లోపల రొట్టెలు చేస్తున్న అతని భార్య అందుకుంది: "నీ కోసమే రాసిన్రయ్యా గా రూలు! ఇంక ఏమడ్డం?"

"మరి ఆ వచ్చేటాయనకు ఎరుకేనా?"

"ఆయన ముప్పై ఏళ్లు స్కౌటు మాస్టరుగా చేశారు. పూచీ నాది," అన్నాను.

అప్పుడు ఒప్పుకున్నాడు.

శనివారం ఉదయం జెండా విప్పుకుంది, రేకులు రాలాయి, బంగాళాదుంపలు మట్టిలో కాలాయి. పదకొండు గంటలకు కబురొచ్చింది: ముఖ్య అతిథికి జ్వరం, ఆయన బదులు ఒక ఆఫీసరు గారు వస్తున్నారు. ఆ ఆఫీసరుకు స్కౌటింగ్ గురించి ఏమీ తెలియదు.

"ఎడమ చెయ్యి అని నేను చెప్తాలే," అన్నారు హెడ్మాస్టరు గారు.

నా అనుభవం వేరు. కొత్తగా చేరిన పిల్లలకు ఎంత చెప్పినా మొదటి రెండు మూడు సార్లు కుడి చెయ్యే లేస్తుంది. మనసుకు చెప్పినంత సులువుగా చేతికి చెప్పలేం. మల్లేశం మూడో వరుసలో ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చుని ఉన్నాడు. వరుస ప్రకారం ముందుగా వేదికెక్కాల్సిన తండ్రి అతనే.

సువర్ణను పక్కకు పిలిచాను. "నీ పేరు చివర్న పిలుస్తాను."

"నేను ఫస్టు గద టీచర్?" కళ్లు నిండాయి. విషయం చెప్పాను. వేదిక వైపు చూసింది. మొదట పిలిచే పేరుకే మైదానమంతా చప్పట్లు కొడుతుందని దానికి తెలుసు. ఎన్నాళ్లుగానో ఆ చప్పట్ల కోసమే చూస్తోంది.

"ఆరుగురు సరిపోతరా టీచర్, ఆయనకు అలవాటు గావడానికి?"

"పన్నెండు చేతులు. సరిపోవాలి."

"అయితే ఆఖర్నే పిలువుండ్రి."

హెడ్మాస్టరు గారు విస్తుపోయారు. "ఫస్టు వచ్చిన పిల్లను చివర్నా? ఈ మాట అంటున్నది మీరేనా?"

"నేనే సార్."

ఆఫీసరు గారు వచ్చారు, చెప్పింది విన్నారు, తల ఊపారు. మొదటి పిల్లకు కుడి చెయ్యి చాచారు. ఆ పిల్ల ఎడమ చెయ్యి చాచి నిలబడింది. సభలో నవ్వులు. ఆయనా నవ్వి మార్చారు. ఆ పిల్ల తల్లికి మళ్లీ కుడి చెయ్యే. రెండో జంటకు సగం లేచి ఆగింది. మూడో జంట దగ్గర, "ఎడమ, ఎడమ" అని తనకు తానే చెప్పుకోవడం మైకులో వినిపించింది. అయిదో జంటకు తడుముకోలేదు.

సువర్ణ పేరు చదివాను. మల్లేశం కుడి చెయ్యి జేబులో పెట్టుకుని మెట్లెక్కాడు. పిన్ను కోసం దాన్ని బయటికి తీయక తప్పలేదు. బొటనవేలికీ అరచేతికీ మధ్య బ్యాడ్జిని నొక్కిపట్టి, ఎడమ చేత్తో పిన్ను గుచ్చాడు. ఆరుగురు తల్లిదండ్రుల్లో ఎవరూ అంత నిటారుగా పెట్టలేదు. ఆఫీసరు గారు ఆ చేతిని చూశారు. చూసి, ఎడమ చెయ్యి ముందుకు చాచారు. మల్లేశం గట్టిగా పట్టుకున్నాడు. వదలడానికి తొందరపడలేదు.

చప్పట్లు ఎప్పుడూ మొదటి పేరుకే ఎక్కువని నా లెక్క. ఆ రోజు అది తప్పింది.

ఆ తర్వాత తొమ్మిదేళ్లకు రిటైరయ్యాను. నేను నడిపిన ప్రతి ఉత్సవంలోనూ, వరుస టైపుకు ఇచ్చే ముందు ఎవరి వెనక ఎవరు నిలబడితే బాగుంటుందో పిల్లలనే అడిగాను. మార్కుల ప్రకారం పెట్టిన వరుస ఒక్కటే న్యాయమని అంతకుముందు నా నమ్మకం.

రిటైరైన మరుసటి ఏడు ఉప్పల్ చౌరస్తాలో బస్సు కోసం నిలబడి ఉంటే, "టీచరమ్మా!" అంటూ మల్లేశం రోడ్డు దాటి వచ్చి ఎడమ చెయ్యి చాచాడు.

"ఆడమనిషికి, గదీ ఎడమ సెయ్యి ఇస్తుండేంది?" అంది బుట్టతో నిలబడిన ఒకామె.

సంచీ కుడి చేతికి మార్చుకుని నా ఎడమ చెయ్యి ఇచ్చాను.

"మా ఇద్దరిదీ ఒకే కంపెనీ అమ్మా," అన్నాను.