లక్కముద్ర పడిన పీపా

నేను కాపురానికి వెళ్ళిన ఇల్లు తోటపల్లి గూడూరుకు తూర్పున, సముద్రపు హోరు వినిపించేంత దూరంలో ఉండేది. మా మామగారు అక్కడి చిన్న చర్చికి ఉపదేశి. గురువుగారు నెల్లూరు నుంచి పూజకు వచ్చే రోజులు తప్ప, మిగతా రోజుల్లో ప్రార్థనలు నడిపేది ఆయనే. అత్తగారు నా పెళ్ళికి ముందే పోయారు. మావారు దొరవారిసత్రంలో బడిపంతులు, ఆదివారాలకు మాత్రమే వచ్చేవారు. మిగతా రోజుల్లో ఇంట్లో ఉండేది మామగారూ నేనూ. వెనకగదిలో ఒక పీపా.

అది అంతకుముందున్న తెల్ల గురువుగారు ఓడలో తెప్పించుకున్నది. ఓక్ అనే సీమ మాను చెక్కలను ఇనుప పట్టీలతో బిగించి చేశారు. పూజలో వాడే ద్రాక్షారసం అందులోనే మాగేది. మద్రాసు మీదుగా వచ్చే నల్ల ద్రాక్షను పిసికి, జాడీల్లో పొంగనిచ్చి, వడకట్టి పోసేవారు. కొత్త రసం నాలుక పీక్కుపోయేంత వగరు. ఏడాది గడిచేసరికి ఆ వగరు మెత్తబడి, చెక్క వాసనా, కాస్త మాడిన బెల్లం వాసనా పట్టేది. పీపా చేసేటప్పుడు లోపలి చెక్కను నిప్పు సెగకు కాలుస్తారట. చెక్క సన్నగా గాలి పీలుస్తుందనీ, రసం ఆవిరై తగ్గినప్పుడల్లా జాడీలో దాచిన రసంతో నింపాలనీ, లేకపోతే చిరక అయిపోతుందనీ మామగారు చెప్పారు. చిరక అంటే పులిసి పాడైన రసం. సిలువ మీద ఉన్న ప్రభువు నోటికి సైనికులు అందించింది అదే.

నాకు మాత్రం ఆ గదిలోకి పోవాలంటే భయం. అవి మద్యనిషేధం రోజులు. మా పుట్టినూళ్ళో సారా కాచిన మనిషిని చేతులు వెనక్కి కట్టి పోలీసులు వీధి వెంట నడిపించారు. అతని భార్య చంటిబిడ్డను పక్కింటి అరుగు మీద వదిలేసి వాళ్ళ వెనకాలే పరుగెత్తింది. ఆ బిడ్డ ఏడుపు చాలాకాలం నా చెవుల్లో ఉండిపోయింది. పూజకు ద్రాక్షారసం పెట్టుకోవడానికి సర్కారు అనుమతి ఉందని మామగారు అనేవారు. అయితే ఆ అనుమతి తెల్ల గురువుగారి పేరు మీద ఉంది. ఆయన జబ్బుపడి తన దేశం వెళ్ళిపోయారు. కొత్త గురువుగారి పేరుకు అది ఇంకా మారలేదు.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం పోలీసులు వచ్చారు. సముద్రం ఒడ్డు గుడిసెల్లో సారా దొరికిందని ఇంటింటా సోదా చేస్తున్నారు. మామగారు చావుబతుకుల్లో ఉన్న ఒక ముసలామె దగ్గరికి వెళ్ళారు. జీపు చప్పుడు వినగానే నేను వెనకగదిలోకి పరుగెత్తాను. బిరడా పీకేద్దామని చేయి వేశాను. కానీ ఆ ఎర్రటి తడిని ఎక్కడ దాచను, ఆ వాసనను ఏం చేయను? అప్పుడు నాకు మొదటి కడుపు.

ఇన్‌స్పెక్టరు నేరుగా గదిలోకే వచ్చాడు.

"దాన్లో ఏముండాదమ్మా?"

"తాగే నీళ్ళు సార్."

మా వైపు బావుల్లో ఉప్పు నీళ్ళే. మంచినీళ్ళు దూరం నుంచి తెచ్చి దాచుకోవడం మామూలు. ఆయన నమ్మినట్టే ఉన్నాడు. టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు.

"అయితే ఒక చెంబుడు ఇయ్యి. పొద్దుట్నించి నోరెండిపోతా ఉండాది."

చెంబు తీసుకున్నాను. పీపా కుళాయి కింద పట్టబోతే చెంబు పీపాకు తగిలి టకటకమంది. ఆయన చెంబును చూశాడు, నన్ను చూశాడు. తానే కుళాయి తిప్పి వాసన చూశాడు. అరవలేదు, తిట్టలేదు. అందుకే ఇంకా భయమేసింది.

ఎవరో చెప్పినట్టున్నారు, మామగారు రొప్పుతూ వచ్చారు. "పూజకు పెట్టిన రసమయ్యా అది. ఈ బిడ్డకేం తెలీదు. పెట్టినోణ్ణి నేను, నన్ను తీసుకుపోండి" అన్నారు. పోలీసులు బిరడా మీదా కుళాయి మీదా, పక్కనున్న జాడీ మూత మీదా లక్క కరిగించి ముద్ర వేశారు. ముద్ర చెదిరితే నన్ను కూడా తీసుకుపోవలసి వస్తుందని ఇన్‌స్పెక్టరు మెల్లగా చెప్పి, మామగారిని జీపెక్కించుకుని వెళ్ళిపోయాడు.

ఆ ఎండకు లక్క మెత్తబడుతుందేమోనని నా ప్రాణం కొట్టుకుంది. గోనెసంచులు తడిపి పీపా చుట్టూ, జాడీ చుట్టూ కప్పాను. ఆరిన చోటల్లా మళ్ళీ తడుపుతూ, ముద్ర దగ్గరికి ఎలుక రాకుండా కాపలా కూర్చున్నాను. మావారికి కబురు పంపితే ఆయన నెల్లూరు పరుగెత్తి గురువుగారిని కలిశారు. గురువుగారు వచ్చి పూచీ పడితే మరునాడు సాయంత్రం మామగారిని వదిలారు. ఆయన ఇంటికొచ్చి స్నానం చేసి పడుకున్నారు.

కొత్త అనుమతి రావడానికి వేసవి అంతా పట్టింది. అన్నాళ్ళూ పీపా నింపే వీలు లేదు. చివరికి ఆ ఇన్‌స్పెక్టరే వచ్చి ముద్రలు పగలగొట్టాడు. మామగారు బిరడా తీసి పుల్ల ముంచి చూస్తే రసం జానెడు దిగిపోయి ఉంది. కొంచెం గ్లాసులోకి పట్టి నోట్లో పోసుకుని కళ్ళు మూసుకున్నారు. నేను ఆయన ముఖం చూడలేక తలుపు వైపు తిరిగాను.

"పులుపు తగిలింది. చిరక మాత్రం కాలేదు" అన్నారు.

ఇన్‌స్పెక్టరు చూస్తుండగా జాడీలోది పీపాలో పోయడానికి నాకు చేతులు రాలేదు. మామగారే పోశారు.

కార్తెలు మారి వానలు పడ్డాక, నాకు ఆడపిల్ల పుట్టిన కొన్ని రోజులకు, పీపాను నెల్లూరు తీసుకుపొమ్మని గురువుగారికి చెప్పానన్నారు మామగారు. భయపడే మనిషి ఉన్న ఇంట్లో అది ఉండకూడదట. నా గురించే అన్నారనుకుని, ఇప్పుడు నాకు భయం లేదన్నాను.

"నీ గురించి కాదు తల్లీ. ఆ రేత్రి ఠాణాలో నా ఎదురుగా ఒకణ్ణి కొట్టినారు. నన్నెవరూ ముట్టుకోలేదు. అయినా నా పంచె తడిసిపోయింది."

అంత పెద్దాయన కోడలితో ఆ మాట చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. మజ్జిగ తెచ్చిస్తే తాగారు. మరునాడు పొద్దున్నే నెల్లూరు నుంచి ఎద్దుబండి వచ్చింది.