అయ్యవారు రాసిన రెండు మాటలు

మా అయ్యవారు పోయారని తిరుమంగళం నుంచి పత్తి మూటలతో నేనుండే వాడిపట్టికి వచ్చిన బండివాడు చెబితే నేను నమ్మలేదు. "ఎవరు చెప్పినారు? నువ్వు కండ్లారా చూసినావా?" అని నిలదీశాను. "పాడె మోసినవాణ్ణే నేను సామీ, చూడకుండా ఉంటానా?" అన్నాడు వాడు. అప్పటికీ నమ్మకం కుదరక, ఎవరెవరు మోశారో పేరుపేరునా అడిగాను. నా సంగతి అంతే. పాలు చూసినా నాకు ముందు నీళ్ళే కనబడతాయి. అనుమానం పెనుభూతం అని మా అమ్మ రోజుకు పదిసార్లు అనేది, నన్ను చూస్తూనే.

చదివేవారికి ముందే చెబుతున్నాను, ఆయన మీద ముప్పై ఏళ్ళు అనుమానం మోసినవాణ్ణి నేను. అయినా నాకు అక్షరం పెట్టింది ఆయనే. ఆ చేతి రుణం తీర్చుకోకుండా ఊరుకోలేక రాస్తున్నాను.

కంపెనీ దొరలు పోయి రాణిగారి రాజ్యం వచ్చిన కొత్త రోజులవి. మా ఊరు తిరుమంగళానికి అవతల, నల్లరేగడిలో. తాతల నాడు ఉత్తరం నుంచి దిగివచ్చిన తెలుగు ఇళ్ళు నలభై దాకా ఉండేవి. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, కోపం వస్తే రెండూ కలిపి. అయ్యవారూ మా వాళ్ళే. ఊరి పెద్ద మణియగారి అరుగు మీద బడి నడిపేవారు. ఉన్నట్టుండి ఒక ఏడు పత్తి ఏరడం అయిపోగానే, "పడుచోళ్ళంతా ఒక సభగా చేరండప్పా, మూడు పోటీలు పెడతా" అన్నారు. ఒకటి నలుగురిలో నిలబడి మాట్లాడడం, రెండోది ఒక పని చేసి చూపించడం, మూడోది పదిమందికి పనికొచ్చే సంగతిని బొమ్మగా గీయడం.

ఊరు ఊరంతా ఉలిక్కిపడింది. సముద్రం అవతల కండిలో కాఫీ తోటలకు కూలి ఆళ్ళను తోలుకుపోయే మేస్త్రీలు తిరుగుతున్న కాలం. "పిల్లోళ్ళను ఒక తావున చేర్చి, ఎవడు గట్టిగా ఉండాడో చూసి, ఓడ ఎక్కించేస్తాడు చూడు" అని మా చిన్నాయన తేల్చేశాడు. నేనూ సరేనన్నాను. అయినా సభకు పోయాను. ఓడ ఎక్కించే వేళకు పారిపోవచ్చులే అనుకున్నాను.

బొమ్మల పోటీ తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. మా మెట్లబావిలో దిగి నీళ్ళు ముంచుకునేవాళ్ళ కాళ్ళలో నారిపురుగు పుట్టేది. నీళ్ళు గుడ్డలో వడగట్టి తాగండని చెప్పేందుకు ఒకడు పాత పంచె మీద సున్నం, కావి, దీపం మసి కలిపి అంత పొడుగు పురుగును గీశాడు. అయ్యవారు దాన్ని బావి గోడకు కట్టించారు. తెల్లారేసరికి దాని నిండా పేడ కొట్టి ఉంది. పురుగును గీసి పెడితే పిలిచినట్టే గదా అని ఆడవాళ్ళ వాదన. గీసినవాడు ఏడుపు ముఖం పెట్టాడు. అయ్యవారు మాత్రం చంకలో చెంబు పెట్టుకుని వచ్చి చూసి, "కొట్టనీ అప్పా! కొట్టేదానికైనా దగ్గరికి వచ్చి చూసినారు గదా" అన్నారు. పేడ కడిగించి మళ్ళీ కట్టించారు. రెండోసారి ఎవరూ కొట్టలేదు.

ఆ చెంబు గురించి చెప్పాలి. ఇత్తడిది, మూతి దగ్గర సొట్ట. మాట్లాడే ప్రతివాడూ ముందు అందులోంచి గుక్కెడు నీళ్ళు మింగి తీరాలి. "నీళ్ళు తేరినాక తాగల్ల, మాట తేరినాక చెప్పల్ల" అనేవారు. గబగబా మాట్లాడేవాణ్ణి మధ్యలో ఆపి మళ్ళీ నీళ్ళు తాగించేవారు. ఒకడు ఏడుసార్లు తాగి, మాట్లాడకుండానే పొలం వైపు పరుగెత్తాడు.

ఆ ఏడాది మాటల పోటీ మీద నా ప్రాణమంతా పెట్టుకున్నాను. గెలిచినవాణ్ణి మదురలో అయ్యవార్లను తయారుచేసే బడికి పంపుతామని అయ్యవారు చాటారు. నాకు నాగలి కర్మ వద్దు, అరుగు మీద కూర్చుని అక్షరం చెప్పే బతుకు కావాలి. అడ్డం ఒక్కటే. నేను మాట్లాడితే ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య మనిషి పోయి వక్కాకు వేసుకుని రావచ్చు. ఊళ్ళో నా పేరే ఎద్దుబండి. నాకు పోటీ మణియగారి మేనల్లుడు. వాడి నోరు ఎండుటాకుల్లో నిప్పు. పైగా బడి నడిచేది వాళ్ళ మామ అరుగు మీద. అయ్యవారు ఎవరిని గెలిపిస్తారో వేరే చెప్పాలా అని నా లెక్క.

మాటల పోటీకి ముందు రోజు, చేసి చూపే పోటీలో వాడు పత్తి గింజలకు పేడా ఎర్రమన్నూ పూసి, నూగు అణిగి దేనికది విడిపోయేలా చేసి చూపించాడు. ముందే ఆరబెట్టిన గింజలు బుట్టలో దాచి తెచ్చాడేమోనని, అందరూ పోయాక నేనొక గింజ చిదిమి చూశాను. లోపల తడిగానే ఉంది. నిజంగానే చేశాడు. అప్పుడైనా నాకు సిగ్గు రావలసింది.

నా వంతు వచ్చింది. నీళ్ళు మింగి, కండికి పోయి తిరిగిరాని మా మేనమామ గురించి మాట్లాడాను. ఆయన చెప్పు ఒకటి మా ఇంటి చూరులో ఇంకా ఉందని చెప్పి, తరవాతి మాట దొరక్క చాలాసేపు నిలబడిపోయాను. ఎవరూ నవ్వలేదు. నాకు అదీ అనుమానమే, జాలిపడుతున్నారని.

పోటీ అయ్యాక అయ్యవారు ఒక్కొక్కరికీ మడిచిన చీటీ ఇచ్చేవారు. మన మాట ఎలా ఉందో అందులో రాసేవారు. బడిలో అరవమే రాసినా సభకు మాత్రం తెలుగే. గెలుపు సంగతి మర్నాడు పొద్దున చెప్పేవారు. అరుగు వెనక్కి పోయి చీటీ విప్పాను. రెండే మాటలు.

"అవసరం లేదు."

ఆ ఏడే చెన్నపట్నం నుంచి మా బంధువొకాయన తెచ్చిన, అచ్చువేసిన తెలుగు పుస్తకం చదివి ఉన్నాను. ఆ పుస్తకంతో నాకు కొమ్ములు మొలిచాయి. ఇంట్లో అమ్మ నోట వచ్చే ప్రతి మాటా దిద్దేవాణ్ణి. "మా తెలుగు తెలుగు కాదా రా?" అని ఆవిడ విసుక్కునేది. కాగితం మీదికి ఎక్కిన మాటకు పుస్తకంలో ఉన్న అర్థం తప్ప ఇంకొకటి ఉండదని నా గట్టి నమ్మకం. అవసరం లేదు. అంటే నాతో పని లేదు, నేను అక్కర్లేదు. చీటీ మడిచి దాచుకున్నాను. ఇంటికి పోయాను.

మర్నాడు సభకు పోలేదు. అయ్యవారు మా ఇంటికి రెండుసార్లు వచ్చారు. రెండుసార్లూ పత్తికొట్లో దూరి, లేడని అమ్మచేత చెప్పించాను. రెండోసారి ఆయన వాకిట్లో చాలాసేపు నిలబడ్డారు. పత్తి సందుల్లోంచి ఆయన కాళ్ళు కనబడ్డాయి. ఓదార్చే నెపంతో వేడుక చూడ్డానికి వచ్చాడనుకున్నాను. వారం తిరక్కుండా మేనల్లుడు మదుర పోయాడు. "చూశావా, నేను అనుకున్నట్టే అయింది" అన్నాను అమ్మతో. నాగలే నా పాలబడింది. ఆ పొలం అమ్ముకుని, పెళ్ళి చేసుకుని వాడిపట్టి వచ్చేశాను. తరవాత తిరుమంగళం సంతలో ఆయన రెండు మూడుసార్లు ఎదురై, "బాగుండావా అప్పా?" అన్నారు. తల ఊపి తప్పుకున్నాను.

చావు కబురు విన్న మూడో రోజు బండి కట్టించుకుని పోయాను. అయ్యవారి ఇల్లాలు, మా అయ్యవారమ్మ, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను గుర్తుపట్టింది. ఆ చెంబు మూలన ఉంది, సొట్ట అలాగే ఉంది. దాన్ని చూడలేక లేచి, "పోయొస్తానమ్మా" అన్నాను.

"ఇప్పుడే గదా వస్తివి. అంత అవసరం ఏమప్పా? కూసో" అంది ఆవిడ.

నిలబడిపోయాను. అవసరం. మా ఇళ్ళలో, మా వీధుల్లో, అరవంలో ఎలాగో అలాగే, ఆ మాటకు అర్థం తొందర. పుట్టిన దగ్గర్నుంచి విన్న మాట. గుమ్మం దాటే ప్రతిసారీ "అవసరపడొద్దురా" అని మా అమ్మ అన్న మాట. ముప్పై ఏళ్ళుగా సాక్ష్యంలా దాచి ఉంచిన చీటీ నడుం సంచిలోంచి తీశాను. మడతల దగ్గర చినిగి ఉంది. ఆవిడకు చదువు రాదు.

"ఏమి రాసుండాడు?"

"అవసరం లేదు" అని చదివాను. నా గొంతులో ఆ మాట మొదటిసారి మా ఇంటి మాటలాగా పలికింది.

"ఆ! అదే గదా ఆయన ఊరంతా చెప్పుకొని తిరిగినది" అంది ఆవిడ, ఏడుస్తూనే నవ్వి. "అందరూ ఉరుకుతారు, ఆ పిల్లోనికి మాత్రం అవసరమే లేదు, మాట తేరేదాకా నిలబడతాడు, వాడే అయ్యవారు కావల్ల అన్నాడు. పావం, నిన్నే మదురకు పంపల్లని రెండుతూర్లు మీ ఇంటికి నడిచినాడు. నువ్వు కండికి పోతివేమో అని ఎంత బయపడినాడో!"

నేను ఊరికి ఎద్దుబండినని ఏ నిదానం చూసి సిగ్గుపడ్డానో, దానికే ఆయన ముచ్చటపడ్డారు. ఆయన్ను ఒక్కమాట అడిగి ఉంటే పోయేది. నా బతుకులో నేను తొందరపడింది ఆ ఒక్కరోజే.

ఆవిడ చెంబుతో నీళ్ళు తెచ్చి చేతికిచ్చింది. వాకిట్లోంచి బండివాడు కేకేశాడు.

"పొద్దు వాలతా ఉండాది సామీ, పోదామా?"

గుక్కెడు మింగి, మాట తేరేదాకా ఆగాను.

"అవసరం లేదు" అన్నాను.