రాజవ్వ పొయ్యి బూడిద

1939 వానాకాలంలో నేను ఎల్లారెడ్డిలో వ్యవసాయ శాఖ కామదారుగా ఉన్నాను. కామదారు అంటే ఊరూరా తిరిగి విత్తనాలు, ఎరువుల సంగతి రైతులకు చెప్పే చిన్న ఉద్యోగి. సైకిలు మీద ఒకనాడు నాగిరెడ్డిపేట వైపు, ఇంకోనాడు తాడ్వాయి వైపు వెళ్లేవాణ్ణి. ఎక్కడ ఏం చూశానో, ఎవరికి ఏం చెప్పానో రోజ్‌నామాలో రాసి పై అధికారికి పంపాలి. సర్కారు ఆ రాతను సాక్ష్యంగా తీసుకునేది. ఈ సంగతి జరిగిన ఊరి పేరు మాత్రం చెప్పను. అక్కడి దొర మనవలు ఇప్పటికీ నాకు ఎదురుపడుతుంటారు.

ఆ ఊళ్లో రాజవ్వ అని, భర్త పోయి ఒంటరిగా కూలి చేసుకుని బతికే ఆమె ఉండేది. ఆమె ఇంటి పెరడు చూసి నేను సైకిలు దిగాను. ఇరుగుపొరుగు పందిళ్ల మీద పూత రాలిపోతుంటే, ఆమె పందిరి కింద ఆనపకాయలు తలకు తగులుతున్నాయి.

"ఏం ఎరువు వేశావవ్వా?"

"ఎరువు ఏడిది సారూ? పొయ్యిల బూడిదే."

చూరు కింద మూత పెట్టిన కుండ చూపించింది. లోపల జల్లెడ పట్టిన కట్టె బూడిద, పిండిలా ఉంది. "వానకు తడిస్తే సారం పోతది. మొదట్ల కుప్ప పొయ్యద్దు. జానెడు దూరంల చుట్టూత పిడికెడు చల్లి మట్టి కలపాలె. ఇగ నెల దాక ముట్టద్దు. చిక్కుడుకు పేను పడితే పొద్దుగాల ఆకుల మీద చల్లుత" అంది.

కట్టె బూడిదలో పొటాష్ అనే లవణం ఉంటుంది. పూతకూ కాయకూ బలమిచ్చేది అదే. వాన నీటికి కరిగి పోయేదీ అదే. నేను ట్రైనింగులో బట్టీపట్టిన పాఠాన్ని ఆమె పిడికిలితో కొలిచి చెప్పింది. ఆ సంబరంలో నేరుగా గడికి, అంటే దొర మేడకు, వెళ్లి "మీ తోటలో కూడా వేయించండి" అన్నాను. ఎంత వేయాలో కూడా చెప్పాను. ఆ మాట ఆయన చెవిన పడలేదు.

వారం తిరగకముందే హుకుం వచ్చింది. ప్రతి ఇంటి నుంచి వారానికో గంప బూడిద గడికి చేర్చాలి. గడ్డి, కట్టెలు, కోళ్లు అప్పటికే వెట్టిగా పోతుండేవి. ఇప్పుడు పొయ్యిలో మిగిలిందీ పోవాలి. దానికి కారణం నేను. అందరూ మోశారు, రాజవ్వ తప్ప. దొర మనిషి మూడోసారి ఆమె ఇంటికి వచ్చినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను.

"అడివిల కట్టె కొట్టుకచ్చింది నేను. వండుకున్నది నేను. బూడిద దొరది ఎట్లయితది? నా పాదులకే సాలుతలేదు. ఇయ్య, పో!"

గడి తోటలో బూడిదను తడి నేల మీద, మొక్కల మొదళ్లలో గంపలకు గంపలు కుమ్మరించారు. బూడిద మితిమీరితే నేల చౌడు బారుతుంది, మొక్క తిండి తీసుకోలేదు. నెలలోపే వంగ తోటంతా పసుపు పచ్చబడి, ఆకుల అంచులు మాడిపోయాయి. దొర రాజవ్వను పిలిపించాడు, నన్నూ పిలిపించాడు.

గడి వాకిట్లో సన్నగా వాన పడుతోంది. అక్కడ నిలబడ్డవాళ్లెవరూ "నీ బాంచెన్", అంటే నీ బానిసను, అనకుండా నోరు తెరవరు. ఆమె చేతులు జోడించింది, అంతే.

"ఏందే, బూడిద ఇయ్యనంటివట. మందిని ఎగదోసి బూడిదల ఉప్పు కలిపిచ్చినవా?" అన్నాడు దొర.

"నేను కొనుక్కునే ఉప్పే చిన్న గురిగెడు, దొరా. మీ తోటంత సంపేటి ఉప్పు నా కాడ ఏడిది?"

వెనక ఎవరో నవ్వబోయి దగ్గారు. దొర నా వైపు తిరిగాడు. "కామదారూ, ఉప్పు కలిసిందని నీ రోజ్‌నామాల రాయి. మిగిలింది నేను చూసుకుంట."

ఆ ఒక్క ముక్క రాస్తే ఆమెకు ఇల్లూ ఊరూ రెండూ ఉండవు. నా ఉద్యోగానికి ఇంకా ఏడాది నిండలేదు. ఇంట్లో అమ్మ, ఇద్దరు చెల్లెళ్లు దాని మీదే బతుకుతున్నారు. అయినా నోరు తెరిచాను.

"ఉప్పు కలవలేదు దొరా. పిడికెడు చల్లాల్సిన చోట గంపెడు పోశారు. నేను రాసేది అదే."

అరుగు మీదే కూర్చుని రాశాను. రాసింది వాకిట్లో ఉన్నవాళ్లందరికీ వినపడేలా చదివాను. దొర లేచి లోపలికి వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నమే ఆయన మనుషులు రాజవ్వ పందిరి కూలగొట్టి తీగలు పీకేశారు. నెల తిరిగేలోపు, పెద్దలను అగౌరవపరిచానని నన్ను దూరపు తాలూకాకు బదిలీ చేశారు. కానీ బూడిద వెట్టి ఆగిపోయింది. హుకుం ఎవరూ రద్దు చేయలేదు. మరుసటి వారం దొర మనిషి గంపల కోసం వస్తే ఆడవాళ్లు గడపల్లో నిలబడి అడిగారట: "బూడిద ఎక్కువైతే తోట సస్తదని కామదారు సర్కారు కాయితంల రాసిండు గద. దొర తోట సంపమంటవా?"

వెళ్లిపోయే ముందు రాజవ్వ దగ్గరికి వెళ్లాను. పెరట్లో గడ్డపారతో గుంత తవ్వుతోంది.

"నేను దొరకు చెప్పకపోతే నీ పందిరి నిలిచేది అవ్వా. తప్పు నాది."

"అవు, నీదే" అంది, తల ఎత్తకుండా. "నన్నడిగి చెప్పాల్సింది. సర్లే, గీ గుంజ పట్టుకో జర, వంకర పోతుంది."

పట్టుకున్నాను. నాలుగు గుంజలూ పాతే దాకా ఉండి, అప్పుడు సైకిలెక్కాను.

ఆ తర్వాత కొలువు విడిచే దాకా ఒక పద్ధతి తప్పలేదు. రైతు చెప్పిన సంగతి ఏదైనా అతణ్ణి అడగకుండా బయటపెట్టలేదు. ఒప్పుకుంటే రోజ్‌నామాలో అతని పేరుతోనే రాశాను. పేర్లు అనవసరమని పై అధికారులు ఎర్ర సిరాతో కొట్టేసేవారు. మరుసటి నెల మళ్లీ రాసేవాణ్ణి.