మంచినీళ్ల జాడీలో వంకర తోకలు

మా మేనమామకు మనుషుల మీద నమ్మకం తక్కువ, కప్పగుడ్ల మీద ఎక్కువ. పంట మందులు పరీక్షించే ప్రయోగశాలలో పద్దెనిమిదేళ్లుగా సహాయకుడు. పెద్ద చదువు లేదు. నేనూ కాలేజీ సగంలో మానేసినవాణ్నే. అందుకే మా ఇద్దరికీ పడుతుందని అత్తయ్య అంటుంది.

వాన పడ్డ మర్నాడు నీటిగుంటల్లో జిగటగా తేలే గుడ్లను గరిటెతో తెచ్చి ఐదు గాజు జాడీల్లో వేస్తాడు. నాలుగింటిలో బూజు తెగులు మందు ఉంటుంది, ఒకదానికంటే ఒకదానిలో ఎక్కువ. ఐదోదాంట్లో ఉత్త నీళ్లు. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుందని ఇంటి బావి నీళ్లే క్యానులో పట్టి సైకిలు మీద మోస్తాడు. మందు పెరిగేకొద్దీ కప్పపిల్లలు వంకరగా పుడతాయి. ఐదో జాడీలో మాత్రం నిటారుగా ఉండాలి. అది చెడితే మిగతా నాలుగూ దండగే.

ఈసారి అందులోనూ వంకరే. పొట్టలు ఉబ్బి, తోకలు కొక్కెంలా వంగి, ఉన్నచోటే గిరగిరా తిరుగుతున్నాయి.

“ఎవడో మందు కలిపాడు” అన్నాడు మావయ్య.

గదికి తాళంచెవులు రెండే. ఒకటి ఆయన నడుముకు, రెండోది పరిశోధన చేసే కుర్రాడి దగ్గర. అతన్ని మేం కళ్లజోడు అంటాం.

“వాడేరా. మందుల కంపెనీ మనిషితో టీ తాగుతుంటే చూశా.”

“టీ తాగితే కలిపినట్టేనా?”

“ఊరికే ఎవడు తాగిస్తాడు? నువ్వు నాకెప్పుడైనా తాగించావా?”

ఆ మాటే ప్రయోగశాల పెద్ద మేడంతో అనేశాడు. ఆవిడ కళ్లజోడు దగ్గర్నుంచి తాళంచెవి లాక్కుంది. పది రోజుల్లో ఎవరి పనో తేలకపోతే ఇద్దర్నీ పంపించేస్తానంది.

మావయ్య కొత్త గుడ్లు వేసి, తలుపు గొళ్లేనికి దారప్పోగు చుట్టి, బయట స్టూలు మీద కాపలా కూర్చున్నాడు. ఊడ్చే ఆవిడ చేత చీపురు దులిపించాడు. అన్నం తీసుకెళ్లిన నా జేబులూ తడిమాడు.

“పనీపాటా లేనివాడివి. నిన్నెవడైనా కొనేసుంటే?”

“ఊరికే ఇచ్చినా నన్నెవరూ తీసుకోరు మావయ్యా.”

నాలుగో రోజుకీ దారం తెగలేదు. పిల్లలు మళ్లీ వంకరే.

ఆ రోజు భోజనాల దగ్గర నేనే అడిగాను. “అత్తయ్యా, బావి నీళ్లలో ఏమైనా తేడా ఉందా?”

“నీళ్లకేం, బంగారంలా ఉన్నాయి. క్యానే మారింది. పాతది పగిలిపోతే మా తమ్ముడు తోట నుంచి తెచ్చిచ్చాడు.”

మావయ్య ముద్ద దించేశాడు. “తోటలో ఏం క్యాను?”

“మందుదే. మూత గట్టిగా ఉందని... ఏడుసార్లు సబ్బుతో కడిగానండీ. వాసన కూడా లేదు.”

ఆయన ఆవిడ మాటనూ నమ్మలేదు. రెండు గాజు గ్లాసుల్లో గుడ్లు వేశాడు. ఒకదాంట్లో బావి నుంచి నేరుగా తోడిన నీళ్లు, రెండోదాంట్లో క్యాను నీళ్లు. మూడో రోజు పొద్దున మొదటి గ్లాసులో పిల్లలు సూదుల్లా ఈదుతున్నాయి. రెండోదాంట్లో ఒక్కటీ తిన్నగా లేదు.

“క్యాను పారేద్దాం. ఎవరు చూడొచ్చారు?” అంది అత్తయ్య.

“ఆ కళ్లజోడు పనిలోంచి పోతాడే.”

“మీరూ పోతారు కదండీ!”

ఆయన క్యాను సైకిలుకు కట్టుకుని బయల్దేరాడు. దారిలో ఎక్కడైనా పడేస్తాడేమోనని నేను వెనకే వెళ్లాను. పడేయలేదు.

మేడం అంతా విని, “ఏడుసార్లు కడిగారా?” అని రెండుసార్లు అడిగి రాసుకుంది. తర్వాత చెయ్యి చాపింది. మావయ్య నడుము నుంచి విప్పిచ్చిన తాళంచెవి కళ్లజోడు చేతికి వెళ్లింది. మళ్లీ వానలు పడేదాకా పనిలోకి రావొద్దంది, ఆ తర్వాత చూద్దామంది.

కళ్లజోడు గుమ్మం దాకా వచ్చాడు. నాలుగు తిడతాడనుకున్నాను.

“ఇక నీళ్లెవరు తెస్తారు?” అన్నాడు ముఖం ముడుచుకుని.

“నువ్వే తోడుకెళ్లు. గాజు సీసా నీదే తెచ్చుకో” అన్నాడు మావయ్య సైకిలు తిప్పుకుంటూ. “మా ఇంట్లో ఎవరేం ఇచ్చినా తీసుకోకు. నేనిచ్చినా సరే.”